సంకలనం కాదు, సంపుటి

బల్ల మీద మూత తీసిన ఎర్ర కలం ఉంది. అది దిద్దుతున్న కాగితం మాత్రం లేదు.

డిటెక్టివ్ చేతులు వెనక్కి కట్టుకుని ఆ కలం మీదికి వంగి చూసింది. పాళీ మీద సిరా ఎండి పెచ్చుకట్టింది. పని ముగించి పక్కన పెట్టిన కలమైతే దానికి మూత ఉండేది. జీవితమంతా ప్రూఫులు దిద్దిన మనిషి కలానికి మూత పెట్టడం మరిచిపోడు. మధ్యలో ఎవరో వచ్చి ఉండాలి. ఆ వచ్చినవాళ్లు పోతూ పోతూ కాగితాలు పట్టుకుపోయి ఉండాలి.

"చూడ్డం అయిందా అక్కా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్.

అతను ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడే. అప్పట్లో నోరారా మేడమ్ అనేవాడు. ఆమె పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా దర్యాప్తులు చేసుకోవడం మొదలుపెట్టాక అక్కా అంటున్నాడు. ఆ పిలుపులో చుట్టరికం కంటే చురక ఎక్కువ. డిపార్ట్‌మెంటులో ఆమెకు వెనకాల పెట్టిన పేరు "ముల్లు". గుచ్చుకుంటే ఒక పట్టాన ఊడి రాదని. ఆ పేరు పెట్టింది ఇతనేనని ఆమెకు తెలుసు.

"ఇంకా కాలేదు తమ్ముడూ. తొందరుంటే నువ్వెళ్లు."

"సీలు వేసిన గదిలో నిన్నొక్కదాన్నే వదిలి వెళ్తే రేపు నా ఉద్యోగానికి సీలు వేస్తారు." అతను తలుపుకి ఆనుకున్నాడు. "మొన్న సాయంత్రం జరిగిన సంగతి ఇది. మాస్టారు పై అరలో ఉన్న నిఘంటువు కోసం స్టూలెక్కారు. కాలు జారింది. బల్ల అంచు కణతకి తగిలింది. డెబ్భై దాటిన మనిషి. ఇందులో తవ్వడానికి ఏముంది?"

చనిపోయిన పెద్దాయన ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. ఈ ప్రచురణ సంస్థకు సంపాదకుడు. కనిపించిన ప్రతి కాగితంలోనూ తప్పులు దిద్దేవాడు గనక ఊరంతా మాస్టారనే పిలిచేవారు.

"ఆయన స్టూలెక్కారని ఎవరు చెప్పారు?"

"స్టూలు పడి ఉంది. పక్కన మాస్టారు పడి ఉన్నారు. ఆయన పక్కన నిఘంటువు పడి ఉంది. మూడూ కలిపితే ఏమవుతుంది?"

"పడిపోయినవి మూడవుతాయి."

ఆమె గోడ పక్కన ఉన్న స్టూలు తెచ్చి బీరువా ముందు వేసింది. "గట్టిగా పట్టుకో. నేను కూడా పడితే నువ్వు ఇంకో కాగితం రాసుకోవాలి" అంటూ ఎక్కింది. అతను గొణుక్కుంటూనే వచ్చి పట్టుకున్నాడు.

పై అర నిండా పుస్తకాలు. ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ, వేలు దూరే సందు కూడా లేకుండా ఉన్నాయి. వాటి మీద దుమ్ము దుప్పటి పరిచినట్టు పరుచుకుంది. ఎక్కడా చెదరలేదు. ఆమె కిందికి దిగి అతన్ని ఎక్కమంది. తప్పక ఎక్కాడు.

"ఆ నిఘంటువు ఇటుక కంటే లావుంది. అది తీసిన చోట ఖాళీ ఏది?"

"పక్క పుస్తకాలు వాలి సర్దుకుని ఉంటాయి."

"వాలితే దుమ్ము చెదిరేది కదా. అదెప్పుడూ పై అరలో లేదు, బల్ల మీదే ఉండేది. ఎవరో దాన్ని ఆయన పక్కన పడేసి స్టూలు తన్నేసి పోయారు." బల్లకు అవతల వైపున్న కుర్చీలను చూపించింది. "అవి నీ వాళ్లెవరైనా జరిపారా?"

"ఎవరూ ముట్టుకోలేదు. ఫొటోల్లోనూ అలాగే ఉన్నాయి."

"వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ బల్లకు ఇటువైపుండాలి. అదేమో ఆయన కుర్చీ పక్కనే ఉంది. మాట్లాడాలంటే మనిషిని ఎదురుగా కూర్చోబెడతాం. పేజీ చూపించాలంటే పక్కన కూర్చోబెడతాం."

ఇన్‌స్పెక్టర్ స్టూలు దిగి చేతులు దులుపుకున్నాడు. దుమ్ముతోపాటు ఆ మాటల్ని కూడా దులిపేసుకున్నట్టుంది అతని ముఖం.

"నిఘంటువు చూపించడానికి కూర్చోబెట్టాడంటావ్."

"తనకు తెలిసిన మాట కోసం ఎవరూ నిఘంటువు తీయరు. ఎదుటివాడు ఒప్పుకోకపోతే తీస్తారు. ఆయనకు తెలియని మాట ఈ ఊళ్లో లేదు. ఎవరితోనో ఒక మాట మీద వాదన పడింది."

"మాట తేడా వస్తే చంపేస్తారా అక్కా? అలాగైతే మా ఇంట్లో నేను ఇన్నాళ్లు బతికి ఉండేవాణ్ణి కాదు." అతను తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నేను కింద ఉంటాను. కానిచ్చి రా."

అతని బూట్ల చప్పుడు మెట్ల మీద తగ్గిపోయాక ఆమె మాస్టారి కుర్చీలో కూర్చుంది. పెద్ద విషయమేదో తెలిసిందన్న ఉత్సాహం ఆమెలో రవ్వంత కూడా లేదు. పోయినేడాది ఒక పాప కోసం పదకొండు రోజులు వెతికింది. ప్రతి ఆధారమూ సరైనదే, ప్రతి అడుగూ సరైన దారిలోనే. చేరేసరికి ఆలస్యమైంది. ఆ తర్వాతే ఉద్యోగానికి దండం పెట్టింది. అప్పటి నుంచి ఆధారం దొరికిన ప్రతిసారీ ఆమెకు భయమేస్తుంది. దొరికిందంటే ఎక్కడో ఏదో అప్పటికే అయిపోయిందన్నమాట.

*

మాస్టారి కోడలు పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. భర్త పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి ఈ సంస్థ నడుపుతున్నది ఆమే. పైన మామగారు దిద్దుతుంటే కింద కోడలు అచ్చు వేయించేది. డిటెక్టివ్‌ని పిలిపించిందీ ఆమే.

"మొన్న ఆయన నీతో ఆఖరిసారి మాట్లాడింది ఎప్పుడు?"

"సాయంత్రం ఆరింటికి. నేను అట్ట కాగితం చూడ్డానికి కొట్టుకి వెళ్లాను. పనివాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. మావయ్య ఒక్కరే ఉన్నారు. ఫోన్ చేసి, 'అమ్మాయ్, అట్ట ఆపించు. దాని మీద సంకలనం అని వేయొద్దు. ఇది సంకలనం కాదు, సంపుటి' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏదో ఒకటి లెండి మావయ్యా, జనానికి రెండూ ఒకటేగా అన్నాను." ఆమె తల వంచుకుంది. "మామూలుగా అయితే అరగంట పాఠం చెప్పేవారు. శుభలేఖలో తప్పు కనిపిస్తే ఆ పెళ్లికి వెళ్లని మనిషి. మొన్న మాత్రం కోప్పడలేదు. గొంతు పీలగా ఉంది. 'రెండూ ఒకటైతే బాగుండేదమ్మా' అన్నారు. పెట్టేశారు. నేను ఏడున్నరకి వచ్చేసరికి..."

డిటెక్టివ్ ఆ మాట పూర్తి చేయనివ్వలేదు. "రెండిటికీ తేడా ఏమిటమ్మా? నాకు నిజంగా తెలియదు."

"సంకలనమంటే పదిమంది రాసినవి ఏరి ఒకచోట కూర్చడం. సంపుటి అంటే ఒక్క మనిషి రాసినవే ఒకచోట వేయడం. పదిమంది కథలు వేస్తే కథా సంకలనం. ఒకరివే పది కథలు వేస్తే కథా సంపుటి. ఇది మా పనిలోని పట్టింపు. బయట ఎవరూ అంతగా పాటించరు. నిఘంటువు తీసినా సంకలనమంటే కూర్పు, కూడిక అని ఉంటుంది అంతే."

"కూడిక."

"లెక్కల్లో చదువుకున్నాం కదా. సంకలనం, వ్యవకలనం. కూడిక, తీసివేత."

డిటెక్టివ్ కాసేపు కిటికీ వైపు చూసింది. అద్దం అవతల ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

"ఏ పుస్తకం గురించి ఆయన అన్నది?"

"'పన్నెండు గొంతులు'. ఊరవతల అనాథ బాలికల హోం ఉంది చూడండి, వాళ్లది. పన్నెండు మంది పిల్లలు తలా ఒకటి రాశారు. వాళ్ల కార్యదర్శే తెచ్చిచ్చారు. పిల్లల పేర్లు వేయకూడదన్నారు. ఒకటో గొంతు, రెండో గొంతు, అలా అంకెలే. రేపు సాయంత్రం ఆవిష్కరణ. ఇప్పుడు దాన్నే మావయ్య సంతాప సభ కూడా చేస్తామన్నారు. మొన్న కార్యదర్శిని రమ్మన్నానని ఫోన్‌లో మావయ్య చెప్పారు. ఆ సంగతి ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను. ఆయన కనుక్కుంటే, కార్యదర్శి పనుండి రాలేదన్నారట."

"మీలో ఎవరైనా ఆ పిల్లల్ని చూశారా?"

"లేదు. మావయ్య ఒకసారి మాట్లాడాలన్నారు. కొండ మీద వాళ్లకింకో శాఖ ఉందట, పిల్లలందరినీ అక్కడి బడికి మార్చారట. చదువు చెడుతుందని ఎవరినీ రానివ్వరట. రేపటి సభకి మాత్రం ఒక పాపని తీసుకొస్తామన్నారు. అందరి తరఫునా చదువుతుందని."

"మాస్టారు దిద్దుతున్న ప్రూఫులు ఆయన బల్ల మీద లేవు. ఇంకో ప్రతి ఉందా?"

కోడలు తల ఎత్తింది. ఆ సంగతి ఆమె గమనించలేదని ముఖమే చెప్పింది. వెంటనే మీట నొక్కింది. మూల ఉన్న ప్రింటరు గురక పెడుతూ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది.

ఇద్దరూ సగం సగం పంచుకుని చదివారు. మొదట డిటెక్టివ్‌కి ఏమీ తోచలేదు. పిల్లల రాతలు. ఒకరికి మామిడికాయ ఇష్టం, ఒకరికి కుక్కలంటే భయం, ఒకరికి రైలు చూడాలని ఉంది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒకమ్మాయి గలగలమంటూ రాసింది, ఒకమ్మాయి పొడి పొడిగా రాసింది. ఇవన్నీ రాసింది ఒకే చెయ్యి అని ఆయనకెలా అనిపించింది?

"మావయ్య పొరపడ్డారేమో" అంది కోడలు. "నాకైతే వేరు వేరు పిల్లలే కనిపిస్తున్నారు."

"నాకూ అంతే." డిటెక్టివ్ మళ్లీ మొదటికొచ్చింది. మూడో గొంతు దగ్గర ఆగింది. పైకి చదివింది.

"నేను నిద్రలో పళ్లు కొరుకుతాను. ఎలక చెక్క కొరికినట్టుంటుంది. పొద్దున్న అడిగితే నేనెందుకు కొరుకుతానని పోట్లాడతాను."

కాగితం దించింది. "నువ్వు నిద్రలో గురక పెడతావా?"

"నేనా? ఏమో. మా ఆయన పెడతానని ఏడిపించేవారు..." అని ఆమె ఆగిపోయింది.

"పక్కనున్నవాళ్లు చెబితే తప్ప మనకు తెలియదు. ఈ పిల్ల, చెప్పినా ఒప్పుకోదట. మరి ఎలక చెక్క కొరికినట్టుంటుందని ఎలా రాసింది? నీ దగ్గరున్నవాటిలో నిద్ర మాట ఎక్కడుందో చూడు."

కోడలి వేళ్లు కాగితాల మీద పరుగెత్తాయి. "అయిదో గొంతు. 'నిద్రలో దుప్పటంతా నేనే లాగేసుకుంటాను. కాసేపటికి జాలిపడి సగం ఇచ్చేస్తాను, కళ్లు తెరవకుండానే.' ఎనిమిదో గొంతు. 'నిద్రలో నా చెయ్యి పక్కవాళ్ల జడ వెతుక్కుంటుంది. జడ దొరికితే ఏడవను.'" ఆమె స్వరం తగ్గిపోతూ వచ్చింది. "తొమ్మిదో గొంతు. 'నిద్రలో మా తమ్ముణ్ణి ఎక్కాలు అడుగుతాను. తప్పు చెప్పినట్టున్నాడు, ఒక్కోసారి తిడతాను.' అన్నిటిలోనూ ఉంది మేడమ్. ప్రతి దాంట్లోనూ ఏదో ఒకటి."

"ఏడులో నిద్రే లేదు" అంది డిటెక్టివ్. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది.

ఏడో గొంతు అన్నిటికంటే చిన్నది. అందులో మామిడికాయ లేదు, కుక్క లేదు, రైలు లేదు.

"నాకు నిద్ర పట్టదు. దీపం తీసేశాక అందరి ఊపిరీ వింటూ పడుకుంటాను. ఎవరి ఊపిరి ఏదో నాకు తెలుసు. ఒకటి తగ్గితే వెంటనే తెలిసిపోతుంది."

డిటెక్టివ్ ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఈ పిల్ల రాసింది" అంది డిటెక్టివ్. "పన్నెండూ ఈ పిల్లే. పక్కన పడుకున్నవాళ్లను ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకుని రాసింది. ఎవరి మాట తీరు వాళ్లకిచ్చింది. అందుకే మనకు వేరు వేరుగా కనిపించారు. ఎంత బాగా రాసినా, మెలకువగా ఉండి విన్నది మాత్రం తను ఒక్కతే."

"ఎందుకు మేడమ్? వాళ్లే రాసుకోవచ్చుగా? రాయడం రాకపోతే చెప్పొచ్చుగా?"

డిటెక్టివ్ జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. కోడలు ప్రశ్న అడుగుతూ అడుగుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొన్న సాయంత్రం మాస్టారి గొంతు ఎందుకు పీలగా ఉందో, రెండూ ఒకటైతే బాగుండేదని ఎందుకన్నాడో ఇప్పుడామెకు అర్థమైంది.

*

ఇన్‌స్పెక్టర్ పైకి వచ్చి అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. కానీ నమ్మినట్టు కూడా లేడు.

"నిద్రలో పళ్లు కొరికారని పన్నెండు మంది రాస్తే, పదకొండు మంది లేరంటావ్."

"ఉంటే వాళ్ల చేత తలా ఒక పేజీ రాయించడం ఎంతసేపు? రాయడం రాదనుకో, చెబితే రాసిపెట్టొచ్చు. అప్పుడైనా ఏ పిల్లా నేను పళ్లు కొరుకుతానని చెప్పదు. ఆ పిల్లలు చెప్పలేదు. చెప్పడానికి అక్కడ లేరు. ఉన్న పిల్ల గుర్తున్నది రాసింది."

"ఎక్కడికి పోయారు మరి?"

"తెలియదు." ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది. "అమ్మేశారో, చచ్చిపోయారో, ఎక్కడైనా వెట్టిచాకిరీకి పెట్టారో. హోం మీద ఈ మధ్య ఫిర్యాదులేమైనా వచ్చాయా?"

అతను తటపటాయించాడు. "ఇద్దరు ముగ్గురు వచ్చారు. పిన్నమ్మలు, మేనమామలు. పిల్లల్ని చూపించట్లేదని. కార్యదర్శి గారు కొండ మీద శాఖ సంగతి చెప్పి సముదాయించారు. నేనూ సముదాయించాను."

"ఈ పుస్తకం చేతికొస్తే ఇక అడగరు. మా పిల్ల హాయిగా ఉంది, పుస్తకంలో రాసింది చూడండి అని పదిమందికీ చూపించుకుంటారు. మాస్టారు ఆ మాట పట్టుకున్నాడు. కార్యదర్శిని పిలిచి, నిఘంటువు తీసి, ఇది సంకలనం కాదు సంపుటి, మిగతా పిల్లలేరీ అని అడిగి ఉంటాడు. ఆయనకు మొహమాటం తెలియదు."

"ఉంటాడు, అడిగుంటాడు." ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "కోర్టులో ఈ ఉంటాడులు నిలబడవక్కా. కార్యదర్శి ఊళ్లో పరువున్న మనిషి. నేను వెళ్లి మీ దగ్గర పదకొండు మంది పిల్లలు తక్కువయ్యారట, ఒక పిల్లకి నిద్ర పట్టట్లేదు గనక తెలిసింది అంటే, నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు."

"నువ్వేమీ అనొద్దు. అదే నేను చెప్పేది. రేపటి దాకా నోరు మెదపొద్దు. సభకి ఒక పాపని తెస్తామన్నారు. బతికున్నది ఆ పాపే. వేదిక ఎక్కిన పిల్లని పదిమంది ముందు నుంచి ఎవరూ మాయం చేయలేరు. మెట్ల దగ్గర నువ్వుండు, పక్కన నేనుంటాను. దిగగానే పిల్ల మన చేతిలో ఉంటుంది. అప్పుడు అడుగుదాం. అంతవరకు వాడికి అనుమానం రాకూడదు."

"వాడు, వీడు అనకు. ఇంకా ఏమీ తేలలేదు."

"తేలేదాకా ఆగుదామనే నువ్వు పిన్నమ్మల్ని సముదాయించావు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇన్‌స్పెక్టర్ ముఖం కందిపోయింది. "పోయినేడాది ఎంత తొందరపడ్డావో నేనూ చూశాను. ఆ పాప దక్కిందా?"

కోడలు ఇద్దరి వైపూ బిత్తరపోయి చూసింది. తను అన్నది తనకే ఎక్కువనిపించిందేమో, ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోన్ తీశాడు.

"గోటితో పోయేదానికి ఇంత గొడవెందుకు? పిల్ల ఉందంటే మాట్లాడిస్తాడు. లేదంటే నీ మాటే నిజమని నేనే ఒప్పుకుంటాను."

"వద్దు. తమ్ముడూ, ఆగు."

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపల అవతల ఫోన్ ఎత్తారు. అతను అందరికీ వినిపించేలా పెట్టాడు.

"చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ. రేపు సభకి మీరు తప్పకుండా రావాలి." మెత్తటి గొంతు. వెనకాల కారు పోతున్న చప్పుడు.

"వస్తానండీ. చిన్న సంగతి. మీ పుస్తకంలో ఏడో గొంతు రాసిన పాపతో ఒక్క మాట మాట్లాడాలి."

అవతల చప్పుడు ఆగలేదు. మాట ఆగింది.

"ఏడో గొంతే ఎందుకండీ?"

"ఏం లేదండీ, ఇక్కడ మా అక్కగారికి ఒక అనుమానం. పన్నెండూ ఆ పాపే రాసిందని."

కార్యదర్శి నవ్వాడు. ఆ నవ్వు రావాల్సినదానికంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. "అదృష్టం చూడండి, పాప నా పక్కనే ఉంది. రేపటి సభకని ఊళ్లోకి తీసుకొస్తున్నాను. దారిలో ఉన్నాం. ఇదిగో, మాట్లాడమ్మా. పోలీసు మామయ్య."

డిటెక్టివ్ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నేను పోలీసుని కాదు. నువ్వు రాసినవి చదివిన అత్తని. కారులో ఏ పక్క కూర్చున్నావు?"

"ముందు." సన్నటి గొంతు, జలుబు చేసినట్టుంది.

"బయట ఏం కనిపిస్తోంది?"

"చెరువు. పెద్దది."

"ఏ చేతి వైపు?"

"కుడి. రాసే చేతి వైపు."

"నీతో ఇంకెవరొచ్చారు?"

"నేనొక్కదాన్నే." కాసేపు కారు చప్పుడే వినిపించింది. తర్వాత ఆ పిల్ల అడిగింది, చాలా నెమ్మదిగా, పక్కనున్న మనిషి వింటున్నాడన్న భయం కంటే ఆ సంగతి తెలుసుకోవాలన్న ఆశే ఎక్కువన్నట్టు. "మీరు అన్నీ చదివారా అత్తా? వాళ్లు మాట్లాడినట్టే ఉన్నాయా?"

ఫోన్ ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వెంటనే తిరిగి కలిపాడు. స్విచాఫ్. మళ్లీ కలిపాడు. మూడోసారీ అదే.

"నేనే చెప్పాను" అన్నాడు. "అడక్కుండానే నా నోటితో నేనే చెప్పాను వాడికి." వాడు అన్నానని అతను గమనించలేదు.

"అది తర్వాత. ఆ చెరువు ఎక్కడుంది?"

"కొండ దారిలో. ఆ దారిలో అదొక్కటే. కొండ మీంచి ఊళ్లోకి వస్తుంటే..." అతను ఆగి, గాల్లో చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఊళ్లోకి వస్తుంటే ఎడమ చేతి వైపు ఉండాలి అక్కా."

కుడి వైపు చెరువు ఉందంటే ఆ కారు ఇటు రావడం లేదు, అటు వెళుతోంది. ఇప్పుడు ఈ ఫోన్ వల్ల తిరిగింది కాదు. ఫోన్ ఎత్తకముందే, అసలు ఎవరూ ఏమీ అడగకముందే అది కొండ వైపే పోతోంది. రేపు వేదిక మీదికి ఏ పిల్లనీ తీసుకురావాలన్న ఉద్దేశం వాడికి లేదు. పాపకి ఒంట్లో బాగాలేదని ఒక మాట చెప్పి, మాస్టారి ఫొటోకి దండ వేసి, పుస్తకం విడుదల చేసి చేతులు దులుపుకుంటాడు. తను ఇంత ఆలోచించి, ఇంత జాగ్రత్తగా వేసిన ఎత్తు ఏమిటి? ఖాళీ వేదిక మెట్ల దగ్గర నిలబడి ఎదురుచూడ్డం. పక్కనున్న తెలివితక్కువవాడి తొందరపాటే లేకపోతే ఆ చెరువు సంగతి కూడా తెలిసేది కాదు. డిటెక్టివ్ మెట్ల వైపు కదిలింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే మెట్లు దిగుతూ ఎవరికో అరిచి చెబుతున్నాడు. కొండ దారి మూసేయమని, పైన చెక్‌పోస్టు ఎవరిదో కనుక్కోమని, కార్యదర్శి కారు నంబరు పట్టమని. అవతలివాళ్లకు ఒక్కొక్కటీ రెండుసార్లు చెప్పాల్సివస్తోంది.

"నేనూ వస్తాను" అంది కోడలు.

"వద్దమ్మా. ఆ కాగితాలు ఇంకో నాలుగు ప్రతులు తీయి. తీసి నాలుగు చోట్ల పెట్టు. ఇవాళ ఈ ఆఫీసులో ఒంటరిగా ఉండకు."

ఆమె మెట్లు దిగి వచ్చేసరికి జీపు గేటు దగ్గర ఉరుముతోంది. ఇన్‌స్పెక్టరే నడుపుతున్నాడు. తలుపు వేసుకునేలోపలే కదిలించాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"గంట. ముప్పావుగంటలో పోదాం." అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "పైన రెండు లోయలున్నాయి అక్కా."

ఆమె చేతిలో నలిగిన కాగితం ఉంది, ఏడో గొంతు, ఎప్పుడు పట్టుకొచ్చిందో తెలియదు. దాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. జీపు నాలుగు రోడ్ల కూడలి దాటాక, ఆ పిల్ల అడిగినదానికి తను జవాబు చెప్పలేదని ఆమెకు గుర్తొచ్చింది.